లావుగా ఉన్నవారు జిమ్ మెట్లెక్కడం ఎలా? టీ కొట్టు దగ్గర ఆగిపోయేవారి కోసం ఒక మార్గదర్శి

జిమ్‌లో చేరాలని నేను నిర్ణయించుకున్న రోజుకీ, చేరిన రోజుకీ మధ్య పదకొండు రోజులు గడిచాయి. ఆ పదకొండు రోజులూ జిమ్ దాకా వెళ్లాను. లోపలికి కాదు, ఎదురుగా ఉన్న టీ కొట్టుకు. ఆఫీసు నుంచి వస్తూ స్కూటర్‌కు స్టాండు వేసి, మొదటి అంతస్తు అద్దాల వెనక ఊగుతున్న చేతులూ కాళ్లూ చూస్తూ ఒక టీ తాగి ఇంటికి పోయేవాడిని. అప్పుడు నా బరువు 118 కిలోలు, టీలో చక్కెర రెండు చెంచాలు. పన్నెండో సాయంత్రం కొట్టాయన గ్లాసు అందిస్తూ, "రోజూ పైకి చూస్తున్నారు, మీవాళ్లెవరైనా అక్కడికి వస్తారా సార్?" అని అడిగాడు. అబద్ధం నోటి దాకా వచ్చింది. కానీ మర్నాడు మళ్లీ ఆయనకే ముఖం చూపించాలి. "నేనే చేరదామని" అన్నాను. అన్నాక మెట్లెక్కక తప్పలేదు.

ఇప్పటికి నాలుగేళ్లు. ఆ మొదటి వారం పడ్డ సిగ్గును తర్వాత నెమ్మదిగా విప్పి చూసుకుంటే, అందులో సగమే ఒంటి గురించినది. మిగతా సగం తెలియకపోవడం గురించినది. చెప్పులు ఎక్కడ వదలాలి, తువ్వాలు ఎక్కడ పెట్టాలి, ఈ మీట ఎటు తిప్పాలి, ఆ కుర్రవాడు లేచాక ఆ బెంచి మీద నేను కూర్చోవచ్చా? కొత్త అల్లుడు అత్తవారింట్లో నీళ్ల గ్లాసు కోసం వెతుక్కున్నట్టు ఉంటుంది. ఈ ఇబ్బంది 55 కిలోల బక్కపలచని వాడికీ ఉంటుంది. మనం మాత్రం మొత్తాన్నీ పొట్ట ఖాతాలోనే రాసుకుంటాం. తెలియనితనాన్ని రెండు వారాల్లో వదిలించుకోవచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో ధైర్యం చెప్పడం తక్కువ, సమాచారం ఎక్కువ.

మొదటి అడుగు: భయాలను కాగితం మీద పెట్టండి

"అందరూ చూస్తారు" అనే మాటను బుర్రలో ఉంచుకుంటే అది పెరుగుతూ పోతుంది. కాగితం తీసుకుని, సరిగ్గా ఏం జరుగుతుందని భయపడుతున్నారో వరసగా రాయండి. నా కాగితం మీద ఐదు ఉన్నాయి: బెంచి విరుగుతుంది, ట్రెడ్‌మిల్ మీద పడతాను, వంగితే బనియను పైకి లేచి పొట్ట కనబడుతుంది, ఐదు నిమిషాలకే ఆయాసపడతాను, కుర్రవాళ్లు నవ్వుతారు.

రాసి చూస్తే వీటిలో నాలుగు సాంకేతిక సమస్యలు. జిమ్ యంత్రాలకు ఎంత బరువు తట్టుకుంటాయో పరిమితి ఉంటుంది. చాలావాటికి అడుగునో పక్కనో రేకు మీద రాసి ఉంటుంది, లేకపోతే ట్రైనర్‌ను అడగవచ్చు. ట్రెడ్‌మిల్‌కు తాడు కట్టిన చిన్న క్లిప్పు వేలాడుతుంటుంది. దాన్ని బట్టలకు తగిలించుకుంటే, మనం వెనక్కి జారగానే తాడు లాగి యంత్రం ఆగిపోతుంది. బనియను పొడవైనది కొనుక్కోవచ్చు. ఆయాసానికి వేగం తగ్గించుకోవచ్చు. మిగిలింది ఐదోది, నవ్వడం.

దాని గురించి అబద్ధం చెప్పను. చూస్తారు. కొత్త మనిషి లోపలికి వస్తే తల తిప్పి చూడటం సహజం. ఆ తర్వాత ఎవరి అద్దంలోకి వాళ్లు వెళ్లిపోతారు. జిమ్‌లో గోడ నిండా అద్దాలు పెట్టేది ఎందుకనుకుంటున్నారు? అక్కడ ప్రతి ఒక్కరూ చూసుకోవడానికి వచ్చేది తమనే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం విద్యార్థులకు ఇబ్బంది కలిగించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురూ ఉన్న గదిలోకి పంపింది. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని తొడుక్కున్నవారు అనుకున్నారు. నిజంగా గమనించింది సుమారు నాలుగో వంతు మంది. 2000లో అచ్చయిన ఆ పరిశోధన గురించి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నా పొట్ట మీద ఏ బొమ్మా లేదు.

ఇంకో లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. పురుషుల్లో రెండు రాష్ట్రాల్లోనూ 31-32 శాతం. మీరు ఎక్కే బస్సులో ప్రతి మూడో సీటులోనూ మనవాళ్లే. వింత మనిషి అన్న భావన మన లోపలే ఉంటుంది, వీధిలో కాదు.

రెండో అడుగు: డాక్టర్‌ను కలవండి, సరైన ప్రశ్న అడగండి

బీపీ, షుగర్ చూపించుకోండి. వయసు నలభై దాటినా, ఇంట్లో గుండెజబ్బుల చరిత్ర ఉన్నా, మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టు అనిపిస్తున్నా ఈసీజీ అవసరమా అని అడగండి. పెద్దగా గురక పెడుతూ పగలంతా కునుకుపాట్లు పడుతుంటే అది కూడా చెప్పండి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామం వల్ల షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు తినాలి, మోతాదు మార్చాలా అన్నది డాక్టరే చెప్పాలి.

చాలామంది డాక్టర్ దగ్గరికి వెళ్లకపోవడానికి కారణం కూడా సిగ్గే. "ముందు బరువు తగ్గి రండి" అని గదమాయిస్తారని భయం. నన్నూ ఒకాయన అలాగే అన్నారు. అందుకని ప్రశ్నను మార్చి అడగండి: "నేను జిమ్‌లో చేరుతున్నాను. నేను చేయకూడనివి ఏమైనా ఉంటే చెప్పండి." అప్పుడు సంభాషణ మీ బరువు మీద నుంచి మీ మోకాళ్ల మీదకు, బీపీ మీదకు మళ్లుతుంది. ఉపయోగపడే జవాబు దొరుకుతుంది.

మూడో అడుగు: ఇంట్లో రెండు వారాలు, అంతకు మించి ఒక్క రోజు కూడా వద్దు

"ముందు కొంచెం తగ్గి, ఆ తర్వాత జిమ్‌లో చేరతాను" అనేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. పనిమనిషి వచ్చేలోపు గిన్నెలన్నీ తోమి పెట్టినట్టు ఉంటుంది ఆ మాట. నేను దాని మీద మూడేళ్లు గడిపాను. అందుకే గడువు రెండు వారాలే. క్యాలెండర్‌లో చేరే తేదీ రాసి, రోజూ మూడు పనులు చేయండి.

మొదటిది పదిహేను నిమిషాల నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. రెండోది కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, పదేసి సార్లు రెండు విడతలు. మూడోది గోడకు రెండు చేతులూ ఆనించి, మోచేతులు వంచుతూ ముందుకు వెనక్కు కదలడం. మా తాతగారి తరంలో ఊరి తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసేవారు. ఇవి వాటి పిల్లలే, కుర్చీ సాయంతో, గోడ సాయంతో. వీటితో బరువు తగ్గుతుందని కాదు. ట్రైనర్ మొదటి రోజు "కూర్చుని లేవండి" అన్నప్పుడు, ఆ పని ఒంటికి ముందే తెలిసి ఉంటుంది.

నాలుగో అడుగు: జిమ్‌ను మీరు పరీక్షించండి

మనం లావు కాబట్టి వాళ్లు మనల్ని చేర్చుకోవడమే గొప్ప అన్నట్టు వెళ్తాం. డబ్బు కట్టేది మనం. ఒకే జిమ్‌కు రెండుసార్లు వెళ్లి చూడండి, ఒకసారి పగలు పదకొండుకు, ఒకసారి సాయంత్రం ఏడుకు. రద్దీ సాధారణంగా పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత ఉంటుంది. మధ్యాహ్నం వెళ్తే ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. షిఫ్టుల్లో పనిచేసేవారు, గృహిణులు, సొంత వ్యాపారం ఉన్నవారు మొదటి నెలకు ఆ వేళను ఎంచుకుంటే సగం భారం దిగిపోతుంది. నాలాంటి ఆఫీసు మనిషికి ఆ వీలు లేదు, రాత్రి తొమ్మిదికి వెళ్లేవాడిని. మన పట్టణాల్లో చాలా జిమ్‌లు మహిళలకు విడిగా ఒక బ్యాచి నడుపుతాయి. ఆ సమయంలో మగ ట్రైనర్ ఉంటాడా, మహిళా ట్రైనర్ ఉంటారా అన్నది చేరకముందే అడగాలి.

లోపల చూడవలసినవి: నడివయసు వాళ్లు ఒక్కరైనా ఉన్నారా? కూర్చుని చేసే యంత్రాలు ఉన్నాయా, అంతా ఇనుప కడ్డీలేనా? వీపు ఆనించుకునే సైకిల్ ఉందా? బట్టలు మార్చుకునే గదికి గడియ పడుతుందా? ట్రైనర్ ఎవరితోనైనా మాట్లాడుతుంటే కాసేపు వినండి. పొట్ట గురించి వేళాకోళం ఆడే ట్రైనర్ రేపు మీ పొట్ట గురించీ ఆడతాడు.

నేను మొదట చూసిన ఒక జిమ్‌లో చేరకముందే గోడ దగ్గర నిలబెట్టి చొక్కా విప్పమన్నారు, "ముందు, తర్వాత" ఫొటోల కోసమట. ఆ గోడ మీద అలాంటివి ఓ ఇరవై వేలాడుతున్నాయి. నీళ్లు తాగి వస్తానని చెప్పి మళ్లీ వెనక్కి చూడలేదు. కాబట్టి రిసెప్షన్‌లో సూటిగా అడగండి: నా ఫొటో తీస్తారా, బరువు అందరి ముందూ చూస్తారా? కొన్నిచోట్ల కొవ్వు శాతం చెప్పే యంత్రం మీద నిలబెట్టి, వచ్చిన కాగితాన్ని పట్టుకుని మూడు నెలల వ్యక్తిగత శిక్షణ అమ్మజూపుతారు. వద్దని చెప్పే హక్కు మీకుంది. "ఇప్పుడే వద్దు, ఒక నెల తర్వాత చూద్దాం" అంటే చాలు.

డబ్బు విషయం. కొత్త సంవత్సరానికి, సంక్రాంతికి, ఆషాఢానికి ఏడాది ప్యాకేజీ మీద ఆఫర్లు వస్తాయి. ఏడాదికి కడితే సిగ్గు చచ్చి వెళ్తాం అనుకుంటాం. నా అనుభవంలో డబ్బు పోయిన బాధ రెండు వారాలకు పాతబడిపోతుంది. ఖరీదు కాస్త ఎక్కువైనా మొదట ఒక నెలకే కట్టండి. ఒక రోజు ఉచితంగా చూసే వీలుంటే వాడుకోండి. నచ్చని చోటు నుంచి తేలిగ్గా బయటపడగలం అని తెలిస్తేనే లోపలికి వెళ్లడం తేలిక.

ఐదో అడుగు: బట్టలు, బూట్లు, ఒక రిహార్సల్

నల్ల టీషర్టు సన్నగా చూపిస్తుందని కొంటారు. చూపించదు, చెమట మరకలు మాత్రం కనబడనివ్వదు, ఆ మేరకు మంచిదే. ముఖ్యమైనది పొడవు. చేతులు రెండూ పైకెత్తితే టీషర్టు నడుము కింద నాలుగు వేళ్లు మిగిలి ఉండాలి. పూర్తి నూలు బట్ట చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటుంది. ఆటల దుకాణాల్లో దొరికే పలచని పాలిస్టర్ రకం త్వరగా ఆరుతుంది.

తొడలు రాసుకుని మండటం గురించి ఎవరూ చెప్పరు. మూడో రోజున చాలామంది మానేయడానికి అదొక కారణం. మోకాళ్ల పైదాకా బిగుతుగా ఉండే నిక్కరు లోపల వేసుకోండి, లేదా బయల్దేరే ముందు తొడల మధ్య పెట్రోలియం జెల్లీ రాసుకోండి. మహిళలకు మంచి స్పోర్ట్స్ బ్రా మీద పెట్టే ఖర్చు బూట్ల మీద పెట్టే ఖర్చంత అవసరమైనది. పైన వదులు కుర్తా వేసుకున్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు, చున్నీని మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ట్రెడ్‌మిల్ పట్టీలో చిక్కుకుంటే ప్రమాదం.

ఇక బూటు లేసు. నా అసలు సిగ్గు ఇదే. వంగి లేసు కట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాలి, ముఖం ఎర్రబడుతుంది, చివరికి గుర్రుమని శబ్దం వస్తుంది. పదిమందిలో అది చేయలేక, ఇంట్లో మంచం మీద కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టి కట్టుకుని బయల్దేరేవాడిని. మీరూ అలాగే చేయండి, ఇందులో మోసం ఏమీ లేదు. లోపల వేసుకునే బూట్లు వేరుగా ఉండాలనే జిమ్ అయితే లేసు లేని రకం కొనుక్కోండి.

అన్నీ వేసుకుని అద్దం ముందు చేతులెత్తండి, కూర్చోండి, వంగండి. జారేది, లేచేది, చిట్లేది ఏదైనా ఉంటే ఇంట్లోనే తెలిసిపోవాలి.

ఆరో అడుగు: మొదటి రోజు, నిమిషాల లెక్కన

మొదటి రోజు లక్ష్యం వ్యాయామం కాదు. లోపలికి వెళ్లి, నలభై నిమిషాలు గడిపి, రేపు కూడా రాగలిగేంత ఓపికతో బయటికి రావడం.

లోపలికి వెళ్లగానే నేరుగా ట్రైనర్ దగ్గరికి వెళ్లి, అతను మాట్లాడేలోపు మీరే మాట్లాడండి. నేను ఇంటి దగ్గర బట్టీ పట్టిన మాటలు ఇవి: "కొత్తగా చేరాను. ఎడమ మోకాలు కొంచెం నొప్పి. ఈ రోజు పది నిమిషాలు నడక, కూర్చుని చేసే యంత్రాలు మూడు చూపించండి చాలు. మొదటి నెల గెంతడాలు, నేల మీద చేసేవి వద్దు." అతను కాసేపు నా వైపు చూసి, "సరే సార్" అన్నాడు. అంతే. ఏం కావాలో తెలిసిన మనిషితో ఎవరూ పరాచికాలాడరు.

ట్రెడ్‌మిల్ ఎక్కేటప్పుడు ముందు పట్టీకి రెండు పక్కలా ఉన్న గట్ల మీద కాళ్లు పెట్టి నిలబడండి. క్లిప్పు తగిలించుకోండి. గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, పట్టీ కదలడం మొదలయ్యాక అడుగు వేయండి. రెండు నిమిషాలు కడ్డీ పట్టుకోవచ్చు, ఆ తర్వాత వదిలేయండి. పక్క ట్రెడ్‌మిల్ మీద ఎవరో పదితో పరిగెడుతుంటారు. ఆ అంకె వైపు చూడకండి. తువ్వాలును మీ తెర మీద కప్పేయడం నాకు పనికొచ్చిన ఉపాయం. నిమిషాలు కనబడకపోతే నిమిషాలు తొందరగా గడుస్తాయి.

తర్వాత యంత్రాలు. ఇక్కడ ఒక చిన్న కార్డు సంగతి చెప్పాలి. విజిటింగ్ కార్డంత అట్టముక్క, ఒక పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లాను. ప్రతి యంత్రానికీ సీటు ఎత్తు మార్చే పిన్ను దగ్గర అంకెలు ఉంటాయి. ట్రైనర్ నాకు సరిపడా అమర్చగానే రాసుకున్నాను: కాళ్లతో తోసేది, సీటు 5, బరువు 40. ఛాతీ ముందుకు తోసేది, సీటు 3, బరువు 15. మర్నాడు ఎవరినీ అడగకుండా వెళ్లి, పిన్ను తీసి ఐదులో పెట్టి కూర్చున్నాను. పక్కన ఉన్న అబ్బాయి, "అంకుల్, ఈ సీటు ఎలా మార్చాలి?" అని అడిగాడు. చేరిన రెండో రోజున నేను ఒకరికి చెప్పేవాడినయ్యాను. "అంకుల్" అన్నందుకు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. లావు అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు, నాకప్పుడు ముప్పై ఏడే.

నలభై నిమిషాలకు ఆపేయండి. ఇంకా చేయగలను అనిపించినా ఆపేయండి. మొదటి రోజు ఉత్సాహం మూడో రోజు మంచం మీద తేలుతుంది. కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఉంటుంది, ఆ తర్వాత తగ్గుతుంది. అది మామూలే. కానీ విపరీతమైన నొప్పితో పాటు మూత్రం డికాషన్ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మితిమీరిన వ్యాయామంతో కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీద భారం పడినప్పుడు అలా జరుగుతుంది. అలాగే ఛాతీలో బిగింపు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం ఏది వచ్చినా ఆ క్షణమే ఆపి, పక్కవారికి చెప్పండి. అక్కడ మొహమాటం పనికిరాదు.

ఏడో అడుగు: మన ఒంటికి సరిపడే పనులు ఎంచుకోండి

ట్రైనర్లు అందరికీ ఒకే పాఠం చెబుతారు. పొట్ట అడ్డం వచ్చే శరీరానికి కొన్ని మార్పులు కావాలని చాలామందికి తట్టదు, కాబట్టి మనమే అడగాలి.

నేల మీద పడుకుని చేసేవాటిలో అసలు ఇబ్బంది వ్యాయామం కాదు, లేవడం. అందుకే ప్లాంక్‌ను, అంటే ముంజేతులు, కాలివేళ్ల మీద ఒంటిని బల్లలా నిలిపి ఉంచే పనిని, నేల మీద కాకుండా బెంచి అంచు మీద ముంజేతులు ఆనించి చేయండి. ఒకవేళ నేల మీద ఉండిపోతే పక్కకు దొర్లి, మోకాలి మీదకు వచ్చి, బెంచి పట్టుకుని లేవండి. ఇంట్లో నాలుగుసార్లు సాధన చేస్తే అదొక సమస్యే కాదు. గుంజీల బదులు బెంచి మీద కూర్చుని లేవండి. మామూలు సైకిల్ సీటు ఇరుకు, తొడలు పొట్టకు తగులుతాయి, వీపు ఆనించే రకం మేలు. కాళ్లతో తోసే యంత్రంలో పాదాలను కాస్త ఎడంగా పెట్టి, వీపు బల్లను వెనక్కి వంచితే మోకాళ్లకు దారి దొరుకుతుంది. గెంతేవి, తాడు ఆటలు మొదటి మూడు నెలలు వద్దు, మోకాళ్లు మీకు కృతజ్ఞతగా ఉంటాయి.

ఒక్కో యంత్రం మీద పన్నెండు సార్లు, ఇంకా రెండు మూడు చేయగలిగే ఓపిక ఉండగానే ఆపి, నిమిషం నిమిషంన్నర విరామం, మళ్లీ పన్నెండు. ఊపిరి బిగబట్టవద్దు, ముఖ్యంగా బీపీ ఉన్నవారు. తోసేటప్పుడు గాలి వదలండి.

కాళ్ల యంత్రం గురించి ఇంకొక్క మాట. మూడో వారంలో ట్రైనర్ పిన్ను దించుతూ పోయి 80 దగ్గర ఆపాడు. పన్నెండు సార్లు తోశాను. నా తర్వాత కూర్చున్న సన్నటి కుర్రవాడు తోసి చూసి, కదలక, పిన్ను తీసి 50కి మార్చుకున్నాడు. నాకు ఒక్కసారిగా అర్థమైంది: ఏళ్ల తరబడి 118 కిలోలను మెట్లెక్కించి, బస్సెక్కించి, మోసుకు తిరిగిన కాళ్లివి. అవి బలహీనమైనవి ఎలా అవుతాయి? లావుగా ఉన్నవారిలో చాలామందికి కాళ్ల బలం బాగా ఉంటుంది. మీ మొదటి విజయాన్ని అక్కడే వెతుక్కోండి, ట్రెడ్‌మిల్ మీద కాదు.

బరువులెత్తితే మగరాయుడిలా అవుతామని వెనకాడే మహిళలకు శ్రీకాకుళం జిల్లా అమ్మాయిని గుర్తు చేస్తాను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. పది కిలోల డంబెల్‌తో ఎవరి ఆకారమూ రాత్రికి రాత్రి మారిపోదు.

ఎనిమిదో అడుగు: మాటలను ఎదుర్కోవడం

నిజమైన అవమానం తక్కువ, అనవసరపు సలహాలు ఎక్కువ. "కొవ్వు కరిగించే పౌడరు వాడండి", "అన్నం మానేయండి", "మా బావ మూడు నెలల్లో ముప్పై తగ్గాడు." వీటన్నిటికీ ఒకటే జవాబు: "మా ట్రైనర్ చెప్పినట్టు చేస్తున్నానండీ." వాదించకండి, వాదిస్తే విరామం కాస్తా అరగంట అవుతుంది. మెచ్చుకోలు కూడా ఒక్కోసారి గుచ్చుకుంటుంది. "శభాష్, మీలాంటివాళ్లు రావడం గ్రేట్" అన్నవాడి ఉద్దేశం మంచిదే. తల ఊపి తర్వాతి యంత్రానికి వెళ్లిపోండి.

ఎవరైనా ఫోనులో వీడియో తీస్తూ మీ వైపు తిప్పితే మాత్రం ఊరుకోవద్దు. గొంతు పెంచకుండా, "అందులో నేను ఉన్నాను, తీసేయండి" అని దగ్గరికి వెళ్లి చెప్పండి. తీసేయకపోతే రిసెప్షన్. అక్కడా పట్టించుకోకపోతే, నెలకే కట్టాం కదా, వేరే జిమ్. ట్రైనర్ స్వయంగా ఎగతాళి చేస్తే ఒకసారి పక్కకు పిలిచి చెప్పండి: "బరువు మీద జోకులు నాకు నచ్చవు, పని చెప్పండి చేస్తాను." నేను చెప్పిన అబ్బాయి నిజంగానే నొచ్చుకున్నాడు, ఉత్సాహపరుస్తున్నానని అనుకున్నాడట.

ఇంటి సంగతి వేరే. మూడో రోజే "ఎన్ని కిలోలు తగ్గావు?" అని అడిగేది ఇంటివాళ్లే. మా అమ్మ అయితే, "అంత చెమట కార్చి వచ్చావు, నీరసపడతావురా" అని పప్పులో నెయ్యి రెట్టింపు చేసింది. నా భార్యకు మాత్రం ముందే చెప్పాను, "మూడు నెలలు బరువు అడగొద్దు, వెళ్లానా లేదా అన్నది మాత్రం అడుగు" అని. ఆ ఒక్క ఒప్పందం బాగా పనిచేసింది. బంధువులకు అసలు చెప్పనే లేదు. పెళ్లిళ్లలో పదిమంది ముందు లెక్క అప్పజెప్పే పని తప్పింది.

తొమ్మిదో అడుగు: తూకం బదులు ఏం చూసుకోవాలి

మొదటి ఆరు వారాల్లో నా బరువు 118 నుంచి 117కు వచ్చింది. తూకం మీదే నమ్మకం పెట్టుకుని ఉంటే ఆ రోజే మానేసేవాడిని. అదే ఆరు వారాల్లో మూడో అంతస్తు ఆఫీసుకు మధ్యలో ఆగకుండా ఎక్కగలిగాను. కార్డు మీద 40 కొట్టేసి 80 రాశాను. ఇలాంటివి చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులైనా కండరాలకు పని. అక్కడికి చేరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు నా బరువు 101. సన్నగా ఏమీ లేను. డల్లాస్‌లోని కూపర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవెన్ బ్లెయిర్ బృందం వేలమంది పురుషులను ఏళ్ల తరబడి గమనించి 1999లో వెల్లడించిన ఫలితాల్లో, లావుగా ఉన్నా దమ్ము (ఆయాసపడకుండా శ్రమ చేయగల శక్తి) ఉన్నవారిలో మరణాలు, సన్నగా ఉండి దమ్ము లేనివారిలో కంటే తక్కువగా ఉన్నాయి. మా డాక్టర్ కూడా ఇప్పుడు ముందు బీపీ చీటీ చూసి, తర్వాతే పొట్ట వైపు చూస్తారు.

పదో అడుగు: మానేసి మళ్లీ వెళ్లేటప్పుడు

మానేస్తారు. సంక్రాంతి వస్తుంది, జ్వరం వస్తుంది, ఆడిట్ వస్తుంది. మొదటి సంక్రాంతికి నేను పంతొమ్మిది రోజులు వెళ్లలేదు. తిరిగి వెళ్లే రోజున, చేరిన రోజు కంటే ఎక్కువ సిగ్గేసింది. అప్పుడు ముఖం తెలియదు, ఇప్పుడు అందరికీ తెలుసు. మళ్లీ టీ కొట్టు దగ్గరే ఆగాను. కొట్టాయన నన్ను చూసి, టీ పోయకుండా, "పైనుంచి దిగాక ఇస్తాను సార్" అన్నాడు.

విరామం తర్వాత ట్రైనర్ "ఎక్కడికి పోయారు సార్ ఇన్నాళ్లు?" అని అడగక మానడు. కథ చెప్పకండి, క్షమాపణ చెప్పకండి. "పండక్కి ఊరెళ్లాను, ఈ రోజు సగం బరువులతో మొదలుపెడదాం" అనండి. నిజంగానే సగానికి తగ్గించండి, పాత బరువు మీద పంతం పడితే మర్నాడు లేవలేరు. ఏ యంత్రంతో మొదలుపెట్టాలో తోచకపోతే మొదటి రోజు రాసుకున్న కార్డు తీసి, అందులో ఉన్నవే వరసగా చేయండి. నా కార్డు ఇంకా బ్యాగులోనే ఉంది. మడత దగ్గర చిరిగితే టేపు అంటించాను, సీటు 5 అన్నది చెమటకు అలుక్కుపోయి ఇప్పుడు 6లా కనబడుతోంది.